గ్రహం సూర్యుడిలో ఎందుకు పడిపోదు: విశాఖ తీరాన పిల్లలకు చూపించే విధానం

గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయని ఏడో తరగతి పిల్లవాడిని అడిగితే “గురుత్వాకర్షణ వల్ల” అని తడుముకోకుండా చెబుతాడు. మరి సూర్యుడు అంతగా లాగుతుంటే భూమి వెళ్లి అందులో ఎందుకు పడిపోవడం లేదని వెంటనే అడిగితే కాసేపు ఆగి, బయటికి లాగే బలం ఇంకొకటి ఉందని, ఆ రెండూ సరిసమానమని అంటాడు. విశాఖలో ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను చెప్పిందీ అదే. లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం బోర్డు మీద గీసి చూపిస్తే, మర్రిపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “రెండూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదండీ, అప్పుడు భూమి తిన్నగా పోవాలి గాని తిరగడమెందుకు?” అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి మాటే సరైనదని, తప్పు నా రెండో బాణంలో ఉందని గ్రహించడానికి నాకు కొన్ని రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఈ పాఠాన్ని నేను ఒక వరసలో, చేతితో చేసి చూపిస్తూ చెబుతున్నాను. ఇంట్లో పిల్లలకు చెప్పాలనుకునే తల్లిదండ్రులకూ, బడిలో చెప్పే ఉపాధ్యాయులకూ ఉపయోగపడుతుందని ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను. చివర్లో చెప్పే ఆకాశ పరిశీలనను పక్కన పెడితే రెండు రోజులు సరిపోతాయి. కావలసినవి రెండు నాణేలు, ఒక స్కేలు, మీటరు పొడవు పురికొస, పాత చేతిరుమాలు, ఒక అట్ట, రెండు గుండుసూదులు, దారం, పీచు తీసిన కొబ్బరికాయ, ఒక ఆవగింజ, ఇంట్లో ఉన్న పంచాంగం. వీటన్నిటితో మనం చెప్పబోయే సంగతి ఒక్కటే: గ్రహం సూర్యుడి వైపు ఎడతెరిపి లేకుండా పడుతూనే ఉంది, కాకపోతే పక్కకు పోయే వేగం కూడా దానికి ఉన్నందువల్ల పడుతూ పడుతూనే సూర్యుణ్ణి తప్పించుకుపోతోంది.

మొదట నాణేలు

స్కేలును బల్ల అంచు మీద, ఒక కొస బయటికి పొడుచుకువచ్చేలా పెట్టండి. ఆ కొస మీద ఒక నాణెం ఉంచండి. రెండో నాణేన్ని బల్ల మీదే, స్కేలుకు ఆనించి అంచు దగ్గర ఉంచండి. స్కేలు రెండో కొసను వేలితో నొక్కి పట్టుకుని, బయటి కొసను రెండో నాణెం ఉన్న వైపుకు చటుక్కున కొట్టండి. స్కేలు జారిపోగానే దాని మీది నాణెం ఉన్నచోటే కిందికి పడుతుంది, రెండో నాణెం దెబ్బ తిని గది మధ్యకు ఎగిరిపోతుంది. చూడడం కంటే వినడం ముఖ్యం కాబట్టి పిల్లలను కళ్లు మూసుకోమనండి. మొదటి రెండు మూడు సార్లు కుదరకపోవచ్చు గాని, చెయ్యి కుదిరాక రెండు నాణేలూ నేలను తాకిన చప్పుడు ఒక్కటిగానే వినిపిస్తుంది. మామూలు బల్ల ఎత్తు నుంచైతే రెండింటికీ పట్టే సమయం సుమారు 0.4 సెకను. రెండో నాణేన్ని ఎంత గట్టిగా కొట్టినా ఈ సమయం మారదు, అది వెళ్లి పడే దూరం మాత్రమే మారుతుంది. ఫోనులో స్లో మోషన్ ఉంటే వీడియో తీసి, రెండూ ప్రతి క్షణంలోనూ ఒకే ఎత్తులో ఉండడాన్ని చూపించవచ్చు.

పక్కకు పోయే కదలిక వేరు, కిందికి పడే కదలిక వేరు, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఆగదు. ఈ సంగతి పిల్లల మనసులో నాటుకునే దాకా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది.

తడి ఇసుక మీద ఒడిసెల

జొన్నచేలో మంచె ఎక్కి ఒడిసెలతో పిట్టలను తోలినవారికి భౌతికశాస్త్రం పుస్తకం అవసరం లేకుండానే ఒక విషయం తెలుసు: రాయి ఎటు పోవాలో దాన్నిబట్టే తాడును వదిలే క్షణాన్ని ఎంచుకోవాలి. ఆ పనే ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున, జనం పలచగా ఉన్నప్పుడు చేయించాలి. చేతిరుమాలులో నిమ్మకాయంత ఇసుక మూటగట్టి పురికొసకు బిగించండి. రాయి మాత్రం కట్టవద్దు. చూసేవాళ్లందరినీ పదిహేను అడుగులు వెనక్కి నిలబెట్టండి. ఇక్కడి అలల లాగుడు ప్రమాదకరం కాబట్టి మూట నీళ్లలో పడినా దాని కోసం ఎవరినీ దిగనివ్వకండి.

అల వెనక్కి వెళ్లిన తడి ఇసుక మీద మడమతో పెద్ద వృత్తం గీసి, తిప్పేవారిని దాని మధ్యలో నిలబెట్టండి. వృత్తం మీద ఒకచోట గుర్తు పెట్టి, మూట సరిగ్గా ఈ గుర్తు మీదికి వచ్చినప్పుడు తాడు వదిలితే అది ఎటు పోతుందని అడగండి. తాము అనుకున్న దిక్కులో ప్రతి పిల్లవాడూ ఒక ఆలిచిప్పను పెట్టాలి. ఎక్కువ ఆలిచిప్పలు వృత్తం మధ్య నుంచి గుర్తు మీదుగా గీసిన గీత కొనసాగింపులోనే చేరతాయి, అంటే మూట కేంద్రానికి దూరంగా, సూటిగా బయటికి పోతుందని వారి నమ్మకం. ఇప్పుడు వదలమనండి. మూట ఆ దిక్కుకు పోదు. ఆ క్షణంలో ఎటు కదులుతోందో అటే, వృత్తాన్ని అక్కడ ఒరుసుకుంటూ పోయే స్పర్శరేఖ వెంట పోతుంది. ఆలిచిప్పలకూ, మూట పడినచోటుకూ మధ్య ఉన్న ఎడం తడి ఇసుక మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

నా పాత రెండో బాణం ఇక్కడే కొట్టుకుపోతుంది. బయటికి తోసే బలం నిజంగా ఉండి ఉంటే, తాడు వదలగానే మూట బయటికే ఎగరాలి. దాని మీద పనిచేసిన బలం ఒక్కటే, అది తాడు లోపలికి లాగిన లాగుడు. తిప్పేవారి చేతికి బయటికి లాగినట్టు తెలిసేది నిజమే, కాని అది తాడు చేతిని లాగడం, మూటను కాదు. లాగుడు ఉన్నంతసేపూ మూట దారి మళ్లుతూ ఉంటుంది, అది పోగానే తిన్నగా సాగుతుంది. కదిలే వస్తువు తనంతట తాను ఆగదు, మలుపు తిరగదు, ఈ గుణాన్నే జడత్వం అంటాం. తిరిగే బండి మీద కూర్చుని లెక్క కట్టేవారికి అపకేంద్ర బలం, అంటే కేంద్రం నుంచి బయటికి తోసే బలం, అనే మాట పనికివస్తుంది గాని, ఒడ్డున నిలబడి చూసే పిల్లలకు ఆ మాటే ఎత్తకపోవడం మంచిదని నా అభిప్రాయం.

యారాడ కొండ మీద ఫిరంగి

ఒడిసెలలో తాడు ఉంది, సూర్యుడికీ భూమికీ మధ్య తాడేమీ లేదు. అందువల్ల తాడు లేకుండా ఇదే పని ఎలా జరుగుతుందో చూపించాలి. 1687లో వెలువడిన తన గ్రంథంలో సూత్రబద్ధం చేసిన గురుత్వాకర్షణను అర్థమయ్యేలా చెప్పడానికి న్యూటన్ ఒక ఎత్తయిన పర్వతం మీద ఫిరంగిని ఊహించాడు. మనకు ఆ పర్వతం కళ్లెదుటే ఉంది. బీచ్‌లో నిలబడి దక్షిణానికి చూస్తే సముద్రంలోకి చొచ్చుకువచ్చిన యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, దాని మీద దీపస్తంభం కనిపిస్తాయి. అక్కడ ఒక ఫిరంగిని సముద్రం మీదికి, నేలకు సమాంతరంగా గురిపెట్టామని పిల్లలను ఊహించుకోమనండి. గాలి అడ్డు లేదని, దారిలో మరే కొండా అడ్డురాదని కూడా అనుకోమనండి.

గుండు ఏ వేగంతో బయలుదేరినా మొదటి సెకనులో 4.9 మీటర్లు కిందికి పడుతుంది. నాణేల పాఠం ఇదే. మెల్లగా పేలిస్తే దగ్గరలోనే నీళ్లలో పడుతుంది, గట్టిగా పేలిస్తే ఇంకా దూరంగా పడుతుంది. ఇక్కడే సముద్రం వంపును గుర్తుచేయాలి. ఒడ్డున నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, అతనికి కనిపించే నీటి అంచు సుమారు 4.5 కి.మీ. దూరంలో ఉంటుంది. అంతకు మించిన దూరంలో, ఓడరేవులోకి వచ్చే వంతు కోసం లంగరు వేసుకున్న ఓడల అడుగుభాగం కనిపించదు, పై అంతస్తులు మాత్రమే నీటి మీద పెట్టినట్టు కనిపిస్తాయి. కైలాసగిరి ఎక్కి చూస్తే, కింద నుంచి సగమే కనిపించిన ఓడ పూర్తిగా కనిపిస్తుంది. వీలైతే అదే సాయంత్రం పిల్లలను రెండు చోట్లకూ తీసుకువెళ్లండి. భూమి గుండ్రమని పుస్తకంలో చదివిన పిల్లలకు కూడా ఆ తేడా చూసినప్పుడు మాట రాదు.

ఆ వంపు ఎంతో లెక్క కడితే, తిన్నగా పోయే గీతకు 8 కి.మీ. దూరంలో భూమి ఉపరితలం సుమారు 5 మీటర్లు కిందికి ఒంగి ఉంటుంది. గుండు ఒక సెకనులో పడేది 4.9 మీటర్లు. ఈ రెండు అంకెలను పిల్లల ముందు పక్కపక్కన రాసి మీరు ఊరుకోండి. సెకనుకు సుమారు 8 కి.మీ., కచ్చితంగా చెప్పాలంటే 7.9 కి.మీ. వేగంతో పేల్చిన గుండు 4.9 మీటర్లు పడేసరికి, దాని కింద సముద్రం కూడా దాదాపు అంతే ఒంగిపోయి ఉంటుంది. గుండు పడింది, అయినా నీటికి దగ్గర కాలేదు. తర్వాతి సెకనులోనూ అంతే. అలా పడుతూనే భూమిని చుట్టి, 84 నిమిషాల తర్వాత గుండు సింహాచలం కొండల వైపు నుంచి ఫిరంగి వెనకవైపుకు వస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని ఈ లెక్కలో వదిలేశాం. ఆ వేగం కంటే కొంచెం ఎక్కువగా పేలిస్తే దారి సాగి దీర్ఘవృత్తమవుతుంది. సెకనుకు 11.2 కి.మీ. అందితే గుండు ఇక తిరిగి రాదు.

అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదనే అపోహను తొలగించడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. అందులోని వ్యోమగాములు తేలడానికి కారణం లాగే బలం లేకపోవడం కాదు, వారూ వారి గదీ కలిసి ఒకే తీరున పడుతుండడం.

జాబిల్లి ఒక సెకనులో ఎంత పడుతుంది

ఈ మొత్తం పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇది. చంద్రుడు మనకు సగటున 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నాడు, భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి అతనికి 27.3 రోజులు పడుతుంది. ఈ రెండు అంకెల నుంచి అతని వేగం సెకనుకు 1.02 కి.మీ. అని పదో తరగతి పిల్లలు కట్టగలరు. సూటిగా పోతే చేరవలసిన చోటుకూ, నిజంగా చేరిన చోటుకూ తేడా కట్టడానికి ఒక చిన్న సూత్రం చాలు: వెళ్లిన దూరాన్ని వర్గం చేసి, కక్ష్య వ్యాసంతో భాగించాలి. 1.02ను వర్గం చేసి 7,68,800తో భాగిస్తే వచ్చేది కిలోమీటర్లలో, దాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే సుమారు 1.4. చంద్రుడు ప్రతి సెకనూ మన వైపు పడుతున్నది స్కేలు మీద ఒక చిన్న గీత కంటే కాస్త ఎక్కువ దూరం, అంతే.

ఇప్పుడు దీన్ని నాణెంతో పోల్చాలి. బల్ల దగ్గర పడే వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు, అంటే 4,900 మిల్లీమీటర్లు పడుతుంది. భూమి కేంద్రం నుంచి మనం ఒక భూవ్యాసార్ధం దూరంలో ఉంటే, చంద్రుడు 60 భూవ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. దూరం పెరిగేకొద్దీ లాగుడు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని న్యూటన్ అనుకున్నాడు. అంటే దూరం 60 రెట్లయితే లాగుడు 60ని 60తో గుణించినంత, 3,600 వంతుల్లో ఒక వంతు కావాలి. 4,900ను 3,600తో భాగించమనండి. మళ్లీ అదే 1.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఒకటి బల్ల మీది నాణెం నుంచి వచ్చింది, రెండోది ఆకాశంలో జాబిల్లి తిరుగుడు నుంచి వచ్చింది. చెట్టు మీది మామిడికాయను రాల్చేదీ, చంద్రుణ్ణి కక్ష్యలో ఉంచేదీ ఒకే నియమమని ఈ భాగహారంతో మన ఇంటి బల్ల దగ్గరే తేలిపోతుంది.

ఈ లెక్కను పిల్లల చేత కాగితం మీద చేయించండి, మీరు చేసి చూపించకండి. ఆ రెండు అంకెలు కలిసినప్పుడు కలిగే ఆశ్చర్యం వారికే దక్కాలి.

భూమి లెక్క కూడా అలాగే వస్తుంది. మనం సూర్యుడి నుంచి సగటున 14.96 కోట్ల కి.మీ. దూరంలో, సెకనుకు 29.8 కి.మీ. వేగంతో పోతున్నాం. ఆ సెకనులో సూర్యుడి వైపు పడుతున్నది సుమారు 3 మిల్లీమీటర్లు. దాదాపు ముప్పై కిలోమీటర్లు పక్కకు పోతూ మూడు మిల్లీమీటర్లు పడడమే మన ఏడాది ప్రయాణమంతా.

కొబ్బరికాయ సూర్యుడు, ఆవగింజ భూమి

దూరాలు మనసుకు అందకపోతే ఈ అంకెలు పొడిగా మిగిలిపోతాయి కాబట్టి, రెండో రోజు బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి దగ్గరికి వెళ్లండి. పీచు తీసిన, అడ్డంగా 11 సెం.మీ. ఉండే కొబ్బరికాయను సూర్యుడనుకుంటే, భూమి ఒక మిల్లీమీటరు వెడల్పుండే సన్న ఆవగింజ. దాన్ని కొబ్బరికాయకు 12 మీటర్ల దూరంలో ఒక కాగితం మీద పెట్టాలి. చంద్రుడు దానికి 3 సెం.మీ. దూరంలో ఉంటాడు, అతని కోసం ఇసుక రేణువు వెతకాలి. గురు గ్రహం చిన్న గోళీ అంత ఉండి 61 మీటర్ల దూరంలో, అంటే 91 మీటర్ల కుర్సురా పొడవులో మూడింట రెండు వంతులు నడిస్తే వస్తుంది. శని 113 మీటర్ల దగ్గర, నెప్ట్యూన్ 355 మీటర్ల దగ్గర ఉంటాయి. మనకు అత్యంత సమీపంలోని మరో నక్షత్రం ఇదే కొలతలో 3,100 కి.మీ. పైచిలుకు దూరంలో ఉంటుంది. ఆ మధ్య అంతా దాదాపు శూన్యమే. రాపిడి పుట్టించడానికి ఏమీ లేదు కాబట్టే, గ్రహాలను నెట్టేవారెవరూ లేకపోయినా వాటి వేగం తగ్గడం లేదు.

సౌరకుటుంబంలోని ద్రవ్యరాశిలో 99.8 శాతానికి పైగా ఆ కొబ్బరికాయలోనే ఉందని చెప్పండి. ఎవరి చుట్టూ ఎవరు తిరుగుతారన్నది అక్కడే తేలిపోతుంది. సరిగ్గా చెప్పాలంటే ఇద్దరూ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతారు. గ్రహం లాగినప్పుడు సూర్యుడూ కొంచెం కదులుతాడు. సూర్యుడూ గురుడూ మాత్రమే ఉన్నారనుకుంటే, వారి ఉమ్మడి కేంద్రం సూర్యుడి ఉపరితలానికి కాస్త వెలుపల పడుతుంది. వేరే నక్షత్రాలు ఇలా ఊగడాన్ని వాటి కాంతిలో పసిగట్టే 1995లో మేయర్, కెలోజ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు, మన సూర్యుడి వంటి ఒక నక్షత్రం చుట్టూ నాలుగు రోజుల్లో ఒక చుట్టు తిరిగే గ్రహాన్ని కనుక్కున్నారు. నియమం ఏ నక్షత్రానికైనా ఒక్కటే.

ఈ దూరాలను కొలిచిన చరిత్రలో విశాఖకూ చోటుందని పిల్లలకు చెప్పడం మరచిపోకండి. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఒక ఖగోళ పరిశీలనశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి అదే దృశ్యాన్ని చూసి, సమయాల్లో వచ్చే తేడాతో సూర్యుడి దూరాన్ని లెక్కకట్టడం ఆనాటి పద్ధతి. అలాంటి దృశ్యం చివరిసారిగా 2012 జూన్ 6న కనిపించింది. ఇక మళ్లీ 2117లోనే.

దారి గుండ్రమా, కోలగానా

అట్ట మీద రెండు గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ వదులుగా దారం ఉచ్చు వేసి, పెన్సిల్‌తో బిగించి తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. సూదులున్న చోట్లను నాభులు అంటారు. గ్రహం దారి ఇలాంటిదని, సూర్యుడు ఒక నాభి దగ్గర ఉంటాడని, ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహే కొలిచిన కుజుడి స్థానాలతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించాడు.

ఒక జాగ్రత్త అవసరం. పుస్తకాల్లో భూమి కక్ష్యను గుడ్డులా గీస్తారు. నిజానికి 10 సెం.మీ. వ్యాసార్ధంతో మన కక్ష్యను గీస్తే, పొడవు వెడల్పుల తేడా పెన్సిల్ గీత మందంలో కలిసిపోతుంది, సూర్యుడు మాత్రం మధ్య నుంచి 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటాడు. ఆ గుడ్డు బొమ్మ చూసిన పిల్లలు సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం వస్తుందని అనుకుంటారు. భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా, 14.71 కోట్ల కి.మీ. దూరానికి వచ్చేది జనవరి మొదటి వారంలో, మనం భోగి మంటలకు కట్టెలు పోగేసుకునే రోజుల్లో. జూలై మొదట్లో 15.21 కోట్ల కి.మీ. దూరంలో ఉంటాం. రుతువులకు కారణం భూమి అక్షం వాలు.

దగ్గరైనప్పుడు గ్రహం సూర్యుడిలో పడకుండా మళ్లీ ఎలా దూరమవుతుందన్నది ఇక్కడ వచ్చే అసలు ప్రశ్న. కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద సైకిల్ దిగిన పిల్లలకు దీని జవాబు తెలుసు. దిగేటప్పుడు వేగం పెరుగుతుంది, ఆ వేగమే కింద చేరాక ఎదురుగా ఉన్న ఎత్తును కొంత దూరం ఎక్కిస్తుంది. గ్రహం సూర్యుడికి దగ్గరవుతున్నంతసేపూ దిగుడులో ఉన్నట్టు వేగం పుంజుకుంటుంది. అత్యంత సమీపానికి వచ్చేసరికి, అక్కడ గుండ్రంగా తిరగడానికి కావలసిన దానికంటే ఎక్కువ వేగం దాని దగ్గర ఉంటుంది, ఆ మిగులు దాన్ని మళ్లీ దూరంగా తీసుకుపోతుంది. దూరం పోయేకొద్దీ వేగం తగ్గి, చివరికి సూర్యుడి లాగుడుదే పైచేయి అయి, మళ్లీ దిగుడు మొదలవుతుంది. భూమి వేగం జనవరిలో సెకనుకు 30.3 కి.మీ., జూలైలో 29.3 కి.మీ. 76 ఏళ్లకోసారి వచ్చే హేలీ తోకచుక్క సూర్యుడి దగ్గర సెకనుకు సుమారు 54 కి.మీ. వేగంతో దూసుకుపోయి, అవతలి కొసన సెకనుకు ఒక కిలోమీటరు కూడా లేని వేగంతో మెల్లగా మళ్లుతుంది. భూమి వేగంలో ఈ తేడాను క్యాలెండర్‌లోనే చూడవచ్చు: పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి విషువత్తు నుంచి సెప్టెంబర్ విషువత్తు దాకా 186 రోజులు, అక్కడి నుంచి తిరిగి మార్చి దాకా 179 రోజులు. పిల్లలను లెక్కపెట్టమనండి.

సాగదీసిన గుడ్డ మీద బరువైన బంతి పెట్టి గోళీలు తిప్పే ప్రదర్శన చాలా బడుల్లో చేస్తున్నారు. మొదటి పాఠంగా దాన్ని నేను వాడను. గుడ్డ రాపిడి వల్ల గోళీ చివరికి మధ్యలో పడిపోతుంది, గ్రహాలు కూడా ఎప్పటికైనా అలాగే పడిపోతాయన్న తప్పు ఊహ అక్కడే పుడుతుంది. పైగా గోళీని కిందికి లాగేది భూమి ఆకర్షణే కనుక, తెలుసుకోవలసిన దాన్నే ఆధారంగా వాడుకున్నట్టవుతుంది. ఐన్‌స్టీన్ 1915లో ప్రతిపాదించిన స్థలకాలాల వంపు సిద్ధాంతం గొప్పది. బుధుడి కక్ష్యలో వందేళ్లకు 43 వికలలు (డిగ్రీలో 3,600వ వంతు ఒక వికల) మిగిలిపోయిన తేడాకు అదే లెక్క చెప్పింది. అది ఇంటర్ దాటిన వారికి ఉంచుదాం.

పంచాంగంలో ఉన్న లెక్క

తెలుగు ఇళ్లలో గ్రహాల కాలాలు తెలియనివారు తక్కువ, వాటిని అలా గుర్తించకపోవడమే తరువాయి. పుష్కరాలు పన్నెండేళ్లకు వస్తాయి, ఎందుకంటే గురుడు రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. శని ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్లు ఉంటాడు కాబట్టే మూడు రాశులకు ఏలినాటి శని ఏడున్నరేళ్లు, పన్నెండు రాశులకు సుమారు 29.5 ఏళ్లు. జాతకాల సంగతి ఎవరి నమ్మకం వారిది, ఈ కాలాలు మాత్రం తరతరాల పరిశీలన నుంచి వచ్చినవి. నవగ్రహాల్లో సూర్యుడు నక్షత్రమని, చంద్రుడు ఉపగ్రహమని, రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే బిందువులని ఇక్కడే చెప్పేయండి.

ఇప్పుడు కెప్లర్ 1619లో ప్రకటించిన మూడో నియమం: గ్రహం దూరాన్ని భూమి దూరంతో పోల్చి, ఆ అంకెను ఘనం చేసి, వర్గమూలం తీస్తే, అది సూర్యుణ్ణి చుట్టే కాలం ఏళ్లలో వస్తుంది. శని 9.54 రెట్ల దూరంలో ఉన్నాడు. 9.54 ఘనం సుమారు 868, దాని వర్గమూలం 29.5. గురుడి 5.2తో అదే చేస్తే 11.86 వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే శని చుట్టు కాలం ఫోను క్యాలిక్యులేటర్‌లో ప్రత్యక్షమైనప్పుడు పిల్లలతో పాటు ఆ పెద్దవాళ్లూ దగ్గరికి వచ్చి చూస్తారు. విలోమ వర్గ నియమం నుంచే ఈ మూడో నియమం వస్తుందని న్యూటన్ చూపించాడు. దూరంగా ఉన్న గ్రహాన్ని సూర్యుడు బలహీనంగా లాగుతాడు కనుక అది నెమ్మదిగా పోతేనే కక్ష్యలో నిలుస్తుంది, నడవవలసిన దారి కూడా పెద్దది.

ఆ పక్క వేగం మొదట ఎక్కడి నుంచి వచ్చిందని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట మెల్లగా తిరుగుతున్న వాయుధూళి మేఘం కుంచించుకుపోయి సూర్యుడూ గ్రహాలూ ఏర్పడ్డాయి. తిరిగే కుర్చీలో చేతులు చాపి కూర్చున్న పిల్లవాడిని మెల్లగా తిప్పి, చేతులు దగ్గరకు ముడుచుకోమనండి, తిరుగుడు జోరందుకుంటుంది. మేఘం కుంచించుకుపోయినప్పుడూ అంతే. గ్రహాలన్నీ ఒకే దిక్కులో తిరగడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉంది.

చివరిగా ఆకాశం

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా విశాఖ ఆకాశం ఎక్కువ రోజులు తేటగా ఉంటుంది. బీచ్ రోడ్డు దీపాలకు దూరంగా, రుషికొండ దాటి భీమిలి వైపు వెళితే ఇంకా మంచిది గాని, గురుడి కోసం మేడ మీది డాబా కూడా చాలు. ఆ రోజుల్లో గురుడు సాయంత్రం ఆకాశంలో ఉన్నాడో లేదో పంచాంగంలోనో, ఫోనులోని ఆకాశపటం యాప్‌లోనో చూసుకోండి. మంచి బైనాక్యులర్‌ను స్టాండుకు బిగించి చూస్తే, బింబానికి అటూ ఇటూ ఒకే గీత మీద మూడు నాలుగు చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన చంద్రులు అవే. ప్రతి రాత్రి ఒకే సమయానికి, ఒక నోటుపుస్తకంలో మధ్యన గుండ్రం గీసి, దానికి ఎడమన ఎన్ని, కుడిన ఎన్ని, ఎంత దూరంలో ఉన్నాయో పిల్లలే గుర్తు పెట్టాలి. అన్నిటికంటే లోపలిదైన అయో 1.77 రోజుల్లో, బయటిదైన కాలిస్టో 16.7 రోజుల్లో గురుణ్ణి చుట్టివస్తాయి. అందువల్ల లోపలి చుక్కలు రాత్రికి రాత్రి చోటు మార్చుకుంటే, కాలిస్టో మాత్రం దూరంగా నింపాదిగా జరుగుతుంది. మబ్బు పట్టిన రాత్రి పేజీని ఖాళీగా వదిలి తేదీ వేయమనండి. రెండు వారాలు నిండాక పేజీలను వరసగా తిప్పితే, ప్రతి చుక్కా గురుడి వైపు వచ్చి, దాటి, మళ్లీ అవతలి పక్కన తేలడం కనిపిస్తుంది.